"ఫార్మాట్ కొట్టేశాం సార్" అంటే చాలదు

[నల్ల ల్యాప్‌టాప్. మూత మీద పీకేసిన స్టిక్కర్ జిగురు.]

ఇది సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పాత రకం హార్డ్ డిస్క్ ఉన్నది. "ఫార్మాట్ కొట్టి కొత్త విండోస్ వేశాం సార్" అన్నాడు షాపతను. తెరిచి చూస్తే అద్దంలా ఉంది.

ఊరికే ఉండక, పోయిన ఫైళ్లను వెతికి తెచ్చే ఫొటోరెక్ అనే సాఫ్ట్‌వేర్ నడిపాను, ఉచితమే. కాసేపటికే చిన్న బొమ్మల్లో ఎవరిదో ఆధార్ స్కాన్, కేకు ముందు ఓ పాప. అక్కడితో ఆపేశాను. ఆ తర్వాత చూడటం మన పని కాదు.

[యానిమేషన్: పాసుపుస్తకం, పక్కన పొలం]

పాసుపుస్తకంలో పేరు కొట్టేస్తే పొలంలో పైరు మాయమవుతుందా? డిలీటైనా, క్విక్ ఫార్మాటైనా అంతే. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక పోతుంది, ఫైలు అక్కడే ఉంటుంది, దాని మీద ఇంకోటి రాసేదాకా. 2003లో ఎంఐటీకి చెందిన గార్ఫింకెల్, షెలట్ ఇలాంటి పాత డిస్కుల మీద పరిశోధన ప్రచురించారు. పనిచేసిన 129లో సరిగ్గా తుడిచినవి 12.

[స్క్రీన్: నల్ల కమాండ్ విండో]

నిజంగా తుడవాలంటే, హార్డ్ డిస్క్ అయితే విండోస్ ఇన్‌స్టాల్ చేసే పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, షిఫ్ట్ పట్టుకుని ఎఫ్10 నొక్కండి. వచ్చిన నల్ల విండోలో డిస్క్‌పార్ట్ (diskpart) అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి, తర్వాత లిస్ట్ డిస్క్ (list disk). ఇక్కడ ఆగండి! మీ పెన్‌డ్రైవ్ కూడా ఈ లిస్టులోనే ఉంటుంది. సైజు చూసి, తుడవాల్సిన డిస్క్ నంబరుతో 'సెలెక్ట్ డిస్క్' (select disk) కొట్టండి. ఇప్పుడు 'క్లీన్ ఆల్' (clean all). ఉత్త 'క్లీన్' కొడితే మళ్లీ పట్టికే పోతుంది. 'ఆల్' ఉంటేనే మొత్తం సున్నాలు రాస్తుంది. 1 టీబీకి గంటలు పడుతుంది, భోంచేసి రండి. 35 సార్లు తుడవాలనేది 1996 నాటి డిస్కుల ముచ్చట, ఇప్పుడు ఒక్కసారి చాలు.

ఎస్ఎస్‌డీకి, అంటే తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లలో దాచే కొత్త రకం డిస్కుకి, ఈ మందు పనిచేయదు. మనం ఒక చోట రాయమంటే అది అరుగుదల సమానం చేసుకోవడానికి ఇంకోచోట రాస్తుంది. మనకు కనపడని కొంత జాగా కూడా దాచుకుంటుంది. అందుకే తుడిచే పని దానికే అప్పజెప్పాలి. డెల్, హెచ్‌పీ, లెనోవో ఆఫీసు మోడళ్లు చాలావాటిలో బయోస్‌లోనే (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లో) సెక్యూర్ ఎరేజ్ లాంటి ఆప్షన్ ఉంటుంది. లేకపోతే ఎస్ఎస్‌డీ కంపెనీ సాఫ్ట్‌వేర్ వాడండి. తరచూ నిమిషాల్లో అయిపోతుంది.

[స్క్రీన్: విండోస్ సెటప్, ఏదో కంపెనీ లాగిన్]

అంతా తుడిచాక ఇలా ఆఫీసు మెయిల్ ఐడీ అడిగిందా? అది డిస్కులో ఉన్నది కాదు. పాత కంపెనీ ఆ మెషీన్‌ను తమ ఖాతాలోంచి ఇంకా తీయలేదన్నమాట. ఎన్నిసార్లు తుడిచినా పోదు. బిల్లు పట్టుకుని షాపుకెళ్లండి.