గడియారం కాడ సీతాఫలం

వేదిక మీది పెద్దలకు, ఎదురుగ కూసున్న నా తోటి పింఛన్‌దారులకు దండాలు. పేరుపేరున చెప్తే ఎవరో ఒకరు తప్పిపోతరు, తప్పిపోయినాయన ఏడాదంత మాట్లాడడు. అందుకే అందరికీ కలిపి ఒక్కటే టికెట్ కొడుతున్న. 31 ఏండ్లు కండక్టర్‌గ చేసిన అలవాటు, ఏమనుకోకండి.

'మధుమేహం – ఆహారం' మీద 10 నిమిషాలు మాట్లాడమన్నరు. మూడు కాగితాలు రాసుకొచ్చిన. నవంబర్ 14 మనకు నెహ్రూ పుట్టినరోజు, లోకానికి మధుమేహ దినం. ఇన్సులిన్ కనిపెట్టినోళ్లల్ల ఒకాయన, బాంటింగ్, 1891ల పుట్టింది కూడ ఈ తారీఖే. ఆయన 1921ల టొరంటోల ఇన్సులిన్ పని మీదుంటే, అదే ఏడు అమెరికాల మేయో క్లినిక్‌ల వైల్డర్ అనే డాక్టర్ ఒక తిండికి 'కీటోజెనిక్ డైట్' అని పేరు పెట్టిండు. షుగర్‌కు కాదు, మూర్ఛకు. ఉపాసముంటే ఫిట్స్ తగ్గుతున్నయని చూసి, కడుపుకు తిండి పెడుతనే ఒంటికి ఉపాసమున్నట్టు అనిపిచ్చే ఉపాయం అది. అన్నం, రొట్టె, చక్కెర బంద్ చేస్తే కాలేయం కొవ్వును కరిగిచ్చి కీటోన్లు తయారు చేస్తది, ఒళ్లు వాటి మీద నడుస్తది. కాగితంల ఇంక చాన ఉంది గానీ పక్కకు పెడుతున్న. అసలు ముచ్చట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

నాకు షుగర్ వచ్చి 14 ఏండ్లు. రాయచూర్ రూట్ల ఉన్నప్పుడు తెలిసింది. దేవరకద్ర దాటకముందే దప్పిక, మక్తల్ వచ్చేలోపల రెండుసార్లు బండి ఆపమనాలె. ప్యాసింజర్లు నవ్వేటోళ్లు. తర్వాత బీపీ వచ్చింది, అరికాళ్ల తిమ్మిర్లు వచ్చినయి. మూడేండ్ల కింద దసరా అయినంక మా అల్లుడు ఫోన్ల వీడియో చూపిచ్చిండు. "మామా, అన్నం మానేస్తె షుగర్ పోతదట." నేను నవ్విన. మా అమ్మ జొన్నరొట్టె తిని పెరిగింది, వరన్నం పండుగకో, అల్లుడొస్తెనో. 1983ల రెండు రూపాయల బియ్యం వచ్చినంకనే మా ఇండ్లల్ల మూడు పూటల అన్నమైంది. ఇంకేంది, జొన్నకు మళ్లుత, అంతే గద అన్న.

కాదట! జొన్నపిండి 100 గ్రాములల్ల పిండిపదార్థం 70కి అటుఇటు ఉంటది. ఇందాక చెప్పిన కీటోజెనిక్ తిండినే ఇప్పుడు కీటో అంటున్నరు, వీడియోల చెప్పింది అదే. దాంట్ల రోజు మొత్తానికి 20 నుంచి 50 గ్రాములే. అంటే పెద్ద రొట్టె ఒక్కటి తింటె ఆ రోజు కోటా చాన వరకు ఒడిసినట్టే. ఇది చెప్తే మా ఇంటామె పొయ్యి కాడ నుంచి చూసిన చూపు నాకింక యాదికుంది. "రొట్టె గూడ వద్దంటె నీకేం వండాలె, రాళ్లా?"

రాళ్లు వండలేదు. గుడ్లు, మటన్, గోంగూర, పాలకూర, నెయ్యి, పనీరు. మొదటి వారం తలకాయ నొప్పి, రాత్రి పిక్కలు పట్టుకునుడు. పిండిపదార్థం తగ్గితే ఒంట్లోని నీళ్లు, ఉప్పు జారిపోతయని నాకెవరు చెప్పిండ్రు? బీపీ గోలీ మాత్రం తప్పకుండ మింగుతున్న. నాలుగోనాడు మజ్జిగల ఉప్పేసుకొని తాగినంక జర తేరుకున్న. తొమ్మిదోనాడు పొద్దున పరగడుపున షుగర్ చూస్తే 118. అంతకుముందు 190. నాకు మెడల్ వచ్చినట్టు అనిపిచ్చింది, ఫోన్ చేసి ముగ్గురికి చెప్పిన.

పదకొండోనాడు మహబూబ్‌నగర్ బస్టాండ్ల దిగి గడియారం స్తంభం దిక్కు నడుస్తున్న. చెమట పట్టింది. చేతులు వణుకుతున్నయి. గడియారంల టైం కనవడుతుంది గానీ ఎంతయ్యిందో తెలుస్తలేదు. గోడకు ఆనుకొని కిందికి జారి కూసున్న. అక్కడ గంప ముంగట పెట్టుకొని సీతాఫలాలు అమ్మే ఒకామె, నన్ను చూసి, "ఏందన్నా, షుగరా?" అన్నది. తలూపిన. పండును రెండు చేతులతోని పగలదీసింది. గుజ్జు వేలితో తీసి, గింజలు తీసేసి, నా నోట్లె పెట్టింది. నేను మింగుడు చూసినంకనే ఇంకో ముద్ద. ఒక గింజ మిగిలితె, "ఉమ్మెయ్యి, మింగకు" అని గదిరిచ్చింది. పక్క హోటల్ నుంచి చక్కెర ఎక్కువేసి చాయ్ తెప్పిచ్చింది. తేరుకున్నంక మెడికల్ షాపుల చూపిచ్చుకుంటె షుగర్ 62, చాన తక్కువ. ఆ పండు, ఆ చాయ్ కడుపుల పడ్డంక గూడ 62!

మరి ఏమైంది? అన్నం మానేసిన గానీ షుగర్‌కు వేసుకునే గ్లిమిపిరైడ్ గోలీ మానలేదు. నేను తిన్నా తినకున్నా ఆ గోలీ లోపల ఇన్సులిన్ పిండుతనే ఉంటది, అది షుగర్‌ను కిందికి దింపుతనే ఉంటది. ఇక్కడ గ్లిమిపిరైడ్ వేసుకునేటోళ్లు ఎంతమంది? చేతులెత్తండి. సిగ్గుపడకండి... సూడుండ్రి, సగం హాలు! రేపు మీ అల్లుడు కూడ వీడియో చూపిస్తడు. తిండి మార్చకముందే డాక్టర్ కాడికి పోయి గోలీ సంగతి అడగండి. ఇన్సులిన్ తీసుకునేటోళ్లు మరీ ముఖ్యం. పేరు చివర 'గ్లిఫ్లోజిన్' అని ఉండే షుగర్ గోలీలతోని కీటో చేస్తే షుగర్ పెద్దగ పెరగకుండనే రక్తంల ఆమ్లం పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. కిడ్నీ జబ్బున్నోళ్లు దీని జోలికే పోవద్దు.

నా కోపం చెప్పుకోనియ్యండి. 14 ఏండ్లల్ల ఎన్ని చీటీలు రాసిండ్రో. "అన్నం తగ్గించు" అన్నరే గానీ, "పొద్దున ఏం తింటవ్, ఎన్ని గంటలకు తింటవ్, డ్యూటీల ఎక్కడ తింటవ్" అని ఒక్కరు అడగలేదు. నిజం చెప్పాలె, నేనూ చెప్పలేదు. బయట 40 మంది లైన్ల ఉంటె, లోపల మూడు నిమిషాలల్ల నా తిండి కథ చెప్పబుద్ది కాదు.

చీటీ వచ్చింది, టైం అయిందట. ఒక్క నిమిషం.

డాక్టర్‌కు చెప్తే తిట్టి, గోలీ సగం చేసిండు. మూడు నెలలు నడిపిన. ఏడు కిలోలు తగ్గిన, రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షల 9.1 ఉన్నది 7.2 అయ్యింది. గానీ చెడు కొలెస్ట్రాల్ పెరిగింది. అందరు అన్నం తింటుంటె నేనొక్కణ్ని వేరే గిన్నెతోని కూసునుడు మా మనుమరాలికి నచ్చలేదు, నాకూ నచ్చలేదు. ఇప్పుడు పగటీలి ఒక రొట్టె, కూర పుష్కలంగ, రాత్రి అన్నం లేదు. దాన్ని కీటో అనరు.

సీతాఫలాలామెను వెతుక్కుంట పోతే సీజన్ అయిపోయింది. మళ్ల ఏడాది దొరికింది. గుర్తుపట్టలేదు, నేనే యాది చేసిన. నాలుగు డజన్లు కట్టమన్న. ఆమె నా మొఖం చూసి రెండు డజన్లే కట్టి సంచి చేతికిచ్చింది. "షుగరున్నోనికి ఇన్నెందుకన్నా? ఇవి వదినెకు ఇయ్యి."