గళ్ళ పుస్తకంలో ఒక శనివారం

శ్రోతలకు నమస్కారం.

నేను అమెరికాలో టెక్సాస్ రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో ఉంటాను. అక్కడికి వెళ్ళి పన్నెండేళ్ళయింది. పోయిన ఏప్రిల్‌లో ఒక శనివారం, తెనాలి నుంచి వచ్చిన మా నాన్నను వెంటబెట్టుకుని కాలేజీ బేస్‌బాల్ ఆటకు వెళ్ళాను. ఆ ఒక్క మధ్యాహ్నం గురించే మీతో మాట్లాడాలని వచ్చాను. ఈ ఆట మనకు తెలియదు కదా అని రేడియో కట్టెయ్యకండి. మా నాన్నకీ తెలియదు. గేటు దగ్గర నిలబడి ఆయన అడిగిన మొదటి మాట, "ఏమ్మా, ఇందులో ఓవర్లు ఎన్ని?"

నాన్న లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. క్రికెట్ అంటే ఆయనకు ప్రాణం. ఆ రోజుల్లో టీవీ ఎక్కడిది? ఆయన ఆటను చూసి కాదు, విని నేర్చుకున్నారు. 1975 జనవరిలో మద్రాసులో వెస్టిండీస్‌తో టెస్టు జరిగింది. ఆండీ రాబర్ట్స్ బంతులకు మనవాళ్ళు ఒక్కొక్కరే వెనుదిరుగుతుంటే గుండప్ప విశ్వనాథ్ 97 పరుగులతో నాటౌట్‌గా మిగిలాడు. జట్టు మొత్తం చేసింది 190. నాన్న ట్రాన్సిస్టర్ పక్కన కూర్చుని ప్రతి వికెట్టూ ఒక నోటుబుక్కులో రాసుకున్నారు. ఆ పుస్తకం ఇప్పటికీ తెనాలి ఇంట్లో బీరువాలో ఉంది.

మేం వెళ్ళిన మైదానం పేరు డిష్-ఫాల్క్ ఫీల్డ్. టెక్సాస్ విశ్వవిద్యాలయానిది. బిల్లీ డిష్, బిబ్ ఫాల్క్ అనే ఇద్దరు పాత కోచ్‌ల పేర్లు కలిపి పెట్టారు. దాన్ని తెరిచింది కూడా 1975లోనే. ఆ ఏడే ఈ జట్టు జాతీయ చాంపియన్ అయింది. మొత్తం ఆరుసార్లు గెలిచారు: 1949, 1950, 1975, 1983, 2002, 2005. ఈ లెక్క చెప్పగానే నాన్న ఆ గోడలకేసి కొంచెం మర్యాదగా చూశారు.

లోపల సుమారు ఏడు వేల మంది పడతారు. ఆ రోజు ఎటు చూసినా బాగా కాలిన ఇటుక రంగు చొక్కాలే. అది ఈ విశ్వవిద్యాలయం రంగు. చూపుడు వేలూ చిటికెన వేలూ పైకెత్తి, మధ్య వేళ్ళు రెంటినీ బొటనవేలితో నొక్కిపట్టి చూపిస్తారు. అవి ఎద్దు కొమ్ములు, ఈ జట్టు గుర్తు. ఇక్కడి లాంగ్‌హార్న్ పశువుల కొమ్ములు అటో బార ఇటో బార ఉంటాయి. "మన ఒంగోలు గిత్తకి కొమ్ములు పొట్టివి, మూపురం పెద్దది" అన్నారు నాన్న. ఒంగోలు జాతి రక్తం అమెరికా బ్రాహ్మన్ పశువుల్లో కూడా ఉందని చెబితే ఆయన మొహం వెలిగిపోయింది.

వేయించిన వేరుశనక్కాయల పొట్లం ఒకటి కొన్నాం. తొక్కలు కాళ్ళ దగ్గరే పారేస్తారు, ఎవరూ ఏమీ అనరు. నాన్నకి మాత్రం చెయ్యి రాలేదు. తొక్కలన్నీ జేబురుమాల్లో మూటకట్టుకుంటూ కూర్చున్నారు.

ఆట మొదలైంది. బంతి విసిరేవాణ్ణి పిచర్ అంటారు. అతను మట్టి దిబ్బ మీద నిలబడి విసురుతాడు. అక్కడి నుంచి బ్యాటర్ నిలబడే చోటికి అరవై అడుగుల ఆరంగుళాలు. కాలేజీ కుర్రాళ్ళే అయినా గంటకి నూట నలభై, నూట యాభై కిలోమీటర్ల వేగంతో విసిరేవాళ్ళున్నారు. బ్యాటర్‌కి ఆలోచించుకోవడానికి అర సెకను కూడా ఉండదు. బ్యాట్ ఊపి తప్పినా, గురిలో వచ్చిన బంతిని వదిలేసినా స్ట్రైక్. మూడు స్ట్రైకులు పడితే అవుట్. గురి తప్పి వచ్చి, బ్యాటర్ వదిలేసిన బంతిని బాల్ అంటారు. అవి నాలుగైతే ఊరికే ఫస్ట్ బేస్‌కి, అంటే పరుగు కోసం చుట్టి రావాల్సిన మజిలీల్లో మొదటిదానికి, నడిచిపోవచ్చు. ముగ్గురు అవుటైతే అవతలి జట్టు వంతు. ఇలా తొమ్మిది ఇన్నింగ్సులు. ఇంతవరకు నేను చెప్పగలిగాను.

కాలేజీ ఆటకి ఒక ప్రత్యేకమైన చప్పుడుంది. ప్రొఫెషనల్ ఆటలో చెక్క బ్యాటే వాడాలి. కాలేజీల్లో 1974 నుంచి లోహపు బ్యాట్లు రానిచ్చారు. చెక్కవి విరిగిపోతుంటాయి, మాటిమాటికీ కొనాలంటే ఖర్చు. బంతి తగలగానే ఇత్తడి బిందె మీద గరిటెతో కొట్టినట్టు ఠంగ్ మంటుంది. మరీ వేగంగా దూసుకుపోతోందని 2011 నుంచి బ్యాట్ల తయారీకి గట్టి నిబంధనలు పెట్టారు గాని చప్పుడు మాత్రం అలాగే ఉంది. మొదటి 'ఠంగ్'కి నాన్న ఉలిక్కిపడ్డారు.

రెండు ఇన్నింగ్సులు గడిచాయి. ఒక్క పరుగూ రాలేదు. ఎండ మొహాన పడుతోంది. ఆయనకి నిద్ర ముంచుకొస్తోందని తెలుస్తూనే ఉంది. అనవసరంగా తీసుకొచ్చానేమో అనిపించింది.

నాన్నకి అవతలి పక్క ఒక పెద్దావిడ కూర్చుంది. డెబ్భై దాటి ఉంటాయి. ఒళ్ళో ఒక పొడవాటి గళ్ళ పుస్తకం, చేతిలో పెన్సిలు. ప్రతి బంతికీ తల ఎత్తడం, దించడం, ఒక చుక్కో గీతో పెట్టడం. నాన్న మైదానం వదిలేసి ఆ పెన్సిల్ని చూడటం మొదలుపెట్టారు. లెక్కల మాస్టారి కళ్ళు కదా. కాసేపటికి ఆవిడే పుస్తకం ఇటు తిప్పి, "మీకు ఆసక్తి ఉందా?" అని అడిగింది.

ఆ పేజీ ఎలా ఉంటుందో చెబుతాను, మీరు ఊహించుకోండి. ఎడమ పక్కన వరుసగా తొమ్మిది మంది బ్యాటర్ల పేర్లు. పైన ఇన్నింగ్సుల అంకెలు. ప్రతి గడిలోనూ మూలల మీద నిలబెట్టిన చిన్న చదరం. అది మైదానమే. బ్యాటర్ ఏ బేస్ దాకా చేరితే ఆ చదరంలో అంతవరకు గీత గీస్తారు. చుట్టూ తిరిగి ఇంటికి, అంటే మళ్ళీ బ్యాటర్ నిలబడే చోటికి, చేరితే పరుగు వచ్చినట్టు. అప్పుడు చదరమంతా నల్లగా నింపేస్తారు.

ఫీల్డర్లకి పేర్లు రాయరు, అంకెలుంటాయి. పిచర్ ఒకటి, బ్యాటర్ వెనక బంతి పట్టే క్యాచర్ రెండు. ఫస్ట్ బేస్ మూడు, సెకండ్ బేస్ నాలుగు, థర్డ్ బేస్ అయిదు. సెకండ్ బేస్‌కీ థర్డ్ బేస్‌కీ నడుమ నిలబడే షార్ట్‌స్టాప్ ఆరు. వెనకాల ముగ్గురూ ఏడు, ఎనిమిది, తొమ్మిది. షార్ట్‌స్టాప్ బంతి ఆపి, బ్యాటర్ చేరేలోగా ఫస్ట్ బేస్‌కి విసిరి అవుట్ చేస్తే గడిలో ఆరు, చిన్న గీత, మూడు. అంతే. ఎవరు ఆపారు, ఎవరు పట్టారు, అంతా ఆ రెండంకెల్లో ఉంది.

మూడు స్ట్రైకులతో అవుటైతే ఇంగ్లీషు అక్షరం 'కె' రాస్తారు. ఎందుకు కె? ఈ పద్ధతికి మూలపురుషుడు హెన్రీ చాడ్విక్ అనే పత్రికా రచయిత. 1824లో ఇంగ్లండులో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా వచ్చాడు. మొదట్లో క్రికెట్ మ్యాచ్‌ల గురించే పత్రికలకు రాసేవాడు. తర్వాత బేస్‌బాల్ మీద మనసు పడి, క్రికెట్ స్కోరుకార్డు అలవాటుతోనే దీనికీ లెక్క రాసే పద్ధతి తయారుచేశాడు. 'స్ట్రక్' అనే మాటలో మొదటి అక్షరం అప్పటికే వేరేచోట వాడేశాడు, అందుకని చివరి అక్షరం తీసుకున్నాడు. బ్యాటర్ బ్యాట్ ఊపి తప్పితే మామూలు కె. అసలు ఊపకుండా చూస్తూ నిలబడి మూడో స్ట్రైక్‌కి అవుటైతే కె ని అద్దంలో కనబడేట్టు తిరగేసి రాస్తారు. చాడ్విక్ క్రికెట్ మనిషని వినగానే నాన్న చొక్కా జేబులోంచి పెన్ను తీశారు. ఆవిడ నవ్వి, పెన్ను కాదు పెన్సిలే ఉండాలని, సంచిలోంచి ఒక ఖాళీ కాగితం, ఇంకో పెన్సిలూ ఇచ్చింది.

మూడో ఇన్నింగ్స్. పక్క రాష్ట్రం నుంచి వచ్చిన జట్టు బ్యాటింగ్. ఇద్దరు అవుటయ్యారు, రెండు బేస్‌ల మీద మనుషులున్నారు. సులువైన బంతి దొర్లుకుంటూ షార్ట్‌స్టాప్ దగ్గరికి వచ్చింది. అతనికి పంతొమ్మిదేళ్ళు కూడా ఉంటాయో లేవో. బంతి కాళ్ళ మధ్య నుంచి వెళ్ళిపోయింది. రెండు పరుగులు వచ్చేశాయి. ఆవిడ గడిలో 'ఇ' అని రాసి పక్కన ఆరు వేసింది. ఇ అంటే ఎర్రర్, ఆరో నంబరు ఆటగాడి తప్పు. బంతి కొట్టి, ఎవరి తప్పూ లేకుండా బేస్ చేరితే దాన్ని హిట్ అంటారు. పెద్ద స్కోరుబోర్డు మీద కూడా పరుగులు, హిట్ల పక్కనే తప్పుల కింద ఒకటి పడింది.

నాన్న నొచ్చుకున్నారు. "తప్పు కూడా బోర్డు మీద వేస్తారా? చిన్నపిల్లాడమ్మా" అన్నారు. నిజమే, మన క్రికెట్‌లో క్యాచ్ వదిలేస్తే స్కోరుకార్డులో ఎక్కడా కనబడదు. దానికి ఆ పెద్దావిడ చెప్పిన సంగతి నాకూ అప్పటిదాకా తెలియదు. ఆ తప్పు రాయకపోతే ఆ రెండు పరుగులూ పిచర్ ఖాతాలో పడతాయి. రాశారు కాబట్టి అతని సగటు చెడలేదు. అలాగే, బేస్ మీదున్న తోటివాణ్ణి ముందుకు పంపడానికి ఒక బ్యాటర్ కావాలనే బంతిని మెల్లగా కాళ్ళ ముందు పడేసి తను అవుటైపోతాడు. దానికి త్యాగం అనే పేరు. ఆ అవుటు అతని సగటులో కలపరు. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇది జమాఖర్చు పుస్తకం లాంటిది. ఎవరిది వాళ్ళకే రాస్తున్నారు" అన్నారు. నాకు ఈ ఆట మీద ఇష్టం రెట్టింపయింది ఆ క్షణంలోనే.

నాన్న అన్న ఈ మాట గుర్తుంచుకోండి, ఇక ఆరో ఇన్నింగ్స్‌కి వద్దాం. అప్పటికి మావాళ్ళు ఒక పరుగు చేశారు, స్కోరు 1-2. మూడు బేస్‌ల మీదా అవతలివాళ్ళే. ఒక్కడే అవుట్. ఇంకో దెబ్బ తగిలితే ఆట చేజారిపోతుంది. ఠంగ్! బంతి నేల రాసుకుంటూ నేరుగా అదే కుర్రాడి దగ్గరికి. స్టేడియం మొత్తం ఊపిరి బిగబట్టింది. అతను వంగి బంతి అందుకుని సెకండ్ బేస్‌కి విసిరాడు, అక్కడివాడు గిర్రున తిరిగి ఫస్ట్ బేస్‌కి విసిరాడు. రెండు అవుట్లు. ఇన్నింగ్స్ అయిపోయింది. జనం లేచి నిలబడి అరుస్తుంటే నాన్న లేవలేదు, రాసుకుంటున్నారు. ఆరు, నాలుగు, మూడు. అదే పేజీలో మూడు గళ్ళ ఇవతల ఆ కుర్రాడి తప్పు ఉంది. రెండింటి మీదా వేలు పెట్టి నాకు చూపించారు.

ఏడో ఇన్నింగ్స్ మధ్యలో అందరూ లేచి ఒళ్ళు విరుచుకుని పాట పాడతారు. అప్పుడు నాన్న ఆవిణ్ణి అడిగారు, స్కోరు సమమైతే ఏం చేస్తారని. డ్రా ఉండదు, తేలేదాకా ఆడతారని చెప్పింది. "మరి గళ్ళు అయిపోతే?"

ఆవిడ పెన్సిలు పక్కన పెట్టేసింది. 2009 మే 30 రాత్రి ఇదే మైదానంలో, తను ఇక్కడే ఉందట. టెక్సాస్‌కీ బోస్టన్ కాలేజీకీ ఆట. తొమ్మిది అయినా తేలలేదు. పదిహేను, ఇరవై... చివరికి 25 ఇన్నింగ్సులు ఆడారు. కాలేజీ బేస్‌బాల్ చరిత్రలో అంత పొడవైన ఆట లేదు. ఏడు గంటల మూడు నిమిషాలు పట్టింది. అర్ధరాత్రి దాటాక టెక్సాస్ 3-2తో గెలిచింది. టెక్సాస్ వైపు ఆస్టిన్ వుడ్ అనే పిచర్, ఏడో ఇన్నింగ్స్‌లో వచ్చి 13 ఇన్నింగ్సులు విసిరాడు. 169 బంతులు! అందులో పన్నెండుకు పైగా ఇన్నింగ్సులు ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. అన్ని బంతులు ఒకే చేత్తో విసరనివ్వడం మంచిదేనా అని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది, ఇరవై రెండేళ్ళ పిల్లల భుజాలు అవి. కాని ఆ రాత్రి గురించి చెబుతుంటే ఆవిడ గొంతు వణికింది. పుస్తకంలో గళ్ళు అయిపోతే కొత్త పేజీలు అంటించుకుంటూ రాసిందట.

మా ఆట అంత దూరం పోలేదు. ఎనిమిదిలో మావాడొకడు గోడ అవతలికి కొట్టాడు, 2-2. తొమ్మిదిలో అవతలివాళ్ళు ఒకటి చేశారు, 2-3. మావాళ్ళ ఆఖరి వంతులో ఇద్దరు అవుట్, థర్డ్ బేస్ మీద ఒకడు. మూడు బాల్స్, రెండు స్ట్రైకులు. పిచర్ విసిరాడు. బంతి బయటికి పోతుందనుకుని బ్యాటర్ వదిలేశాడు. అంపైర్ చెయ్యి లేచింది.

జనం మెల్లగా లేచారు. నాన్న తిరగేసిన కె ని జాగ్రత్తగా, రెండుసార్లు దిద్ది రాశారు. ఆవిడ ఆయన కాగితం తీసుకుని తన పుస్తకంతో గడి గడీ సరిచూసింది. ఒక్కచోట తేడా వచ్చింది. దిద్ది తిరిగి ఇచ్చింది.

కాలేజీల్లో సాధారణంగా శుక్ర, శని, ఆదివారాలు ఒకే జట్టుతో మూడు ఆటలుంటాయి. ఆదివారం పొద్దున్న నేను లేచేసరికి నాన్న భోజనాల బల్ల దగ్గర స్కేలు పెట్టి తెల్ల కాగితం మీద గళ్ళు గీస్తున్నారు. లెక్కపెట్టాను, నిలువు గళ్ళు పదిహేను ఉన్నాయి.

"తొమ్మిదే కదా నాన్నా?"

"తేలకపోతేనో?" అని, ఇంకో కాగితం తీసుకున్నారు.