రూమ్మేట్స్‌తో ఉంటే రెంటర్స్ ఇన్సూరెన్స్: అందరికీ ఒకటా, ఎవరిది వాళ్లదా?

హాయ్ అండీ. ఈరోజు రివ్యూ ఫోనుది కాదు, ఇయర్‌బడ్స్‌దీ కాదు. ఇదిగో, నా చేతిలో ఉన్న ఈ కాగితాలది. రెంటర్స్ ఇన్సూరెన్స్ పాలసీ, అంటే అద్దెకుండేవాళ్ల సామానుకి బీమా. నలుగురం కలిసి అద్దెకున్న ఇంట్లో 2 ఏళ్లు ఉమ్మడి పాలసీ మీద నడిపాం. ఇప్పుడు నాది నాకు విడిగా ఉంది. రెండూ వాడి చూశాను కాబట్టి చెప్తున్నా.

'ఓనరుకి ఇన్సూరెన్స్ ఉందిగా, మళ్లీ మనకెందుకు' అని చాలామంది అంటారు. ఓనరు పాలసీ బిల్డింగుకి. మీ మంచం, బట్టలు, ల్యాప్‌టాప్ అందులోకి రావు.

సరే, పాలసీ చేతికొచ్చాక అందరూ ప్రీమియం ఎంతా అని చూస్తారు. మీరు డెఫినిషన్స్ పేజీ తెరవండి. 'ఇన్సూర్డ్' అంటే ఎవరో అక్కడ ఉంటుంది. మామూలుగా పాలసీ మీద పేరున్న మనిషి, అదే ఇంట్లో ఉండే ఆయన కుటుంబ సభ్యులు. రూమ్మేట్ ఎంత ప్రాణస్నేహితుడైనా పేరు ఎక్కించకపోతే బయటివాడే. కొన్ని కంపెనీలైతే చుట్టరికం లేనివాళ్ల పేర్లు ఒకే పాలసీలో అసలు ఎక్కించుకోవు.

ఇది మాకు తలంటినట్టు తెలిసొచ్చింది. ఓ రాత్రి పై అంతస్తులో పైపు పగిలి మా హాల్లోకి నీళ్లు కారాయి. టేబుల్ మీద పక్కపక్కనే రెండు ల్యాప్‌టాప్‌లు. ఒకటి నాది, ఇంకోటి కొత్తగా చేరిన కుర్రాడిది. వాడి పేరు 'వచ్చే నెల ఎక్కిద్దాంలే' అనుకుంటూ వచ్చాం. అవే నీళ్లు, అదే టేబుల్. వాడికి పైసా రాలేదు.

నాకొచ్చింది కూడా గొప్పగా ఏం లేదు. 4 ఏళ్ల నాటి ల్యాప్‌టాప్ కదా, అరుగుదల తీసేసి లెక్కకట్టారు. అందులో డిడక్టిబుల్, అంటే క్లెయిమ్‌లో మన జేబులోంచి భరించాల్సిన వాటా, పోయింది. మిగిలిన దానికి చెక్కు పాలసీలో ఉన్న ముగ్గురి పేర్ల మీద ఇచ్చారు! అందులో ఒకడు అప్పటికే ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయాడు. వాడి సంతకం కోసం తిరగడం ఉంది చూడండి, ఆ టెన్షన్ ముందు నీళ్లు కారడమే నయం.

ఉమ్మడి పాలసీలో ఇంకో చిక్కు. కంపెనీ గరిష్ఠంగా ఇచ్చే పరిమితి ఒక్కటే, వాటాదారులు మాత్రం పాలసీలో ఉన్న అందరూ. ఒకరు క్లెయిమ్ చేస్తే ఆ మరక మిగతావాళ్ల రికార్డు మీద కూడా పడొచ్చు. అదే పాలసీలో ఉన్న మనిషే మీ వస్తువు కొట్టేస్తే మామూలుగా దొంగతనం కింద కవర్ అవ్వదు.

విడివిడిగా తీసుకుంటే అందరిదీ కలిపి ఖర్చు ఎక్కువవుతుంది, నిజమే. అయినా రూమ్మేట్స్‌కి నా ఓటు దీనికే. భార్యాభర్తలైతే మాత్రం ఒక్కటి చాలు, సామాను ఎటూ ఇద్దరిదీ.

కొనేటప్పుడు ఏజెంట్‌ని రెండు ప్రశ్నలు అడగండి. అరుగుదల తీసేసి ఇస్తారా, కొత్తది కొనేంత ఇస్తారా? రెండోదాన్ని రీప్లేస్‌మెంట్ కాస్ట్ అంటారు. ప్రీమియం కాస్త పెరుగుతుంది, నేను అదే తీసుకున్నా. ఇక రెండోది, తాళం పగలగొట్టిన గుర్తులు లేకుండా వస్తువు పోతే ఇస్తారా? నలుగురి దగ్గరా తాళంచెవులుండే ఇంట్లో ఇది అడక్కపోతే కష్టం. వరదలు, భూకంపాలు చాలా పాలసీల్లో ఉండవు, అదీ చూసుకోండి.

కలిసి కొన్న సోఫా ఎవరిదీ అన్న గొడవ ఉంటుంది. మేం కాగితం మీద రాసేసుకున్నాం. సోఫా నాది, టీవీ ఇంకో రూమ్మేట్‌ది.

చివరగా ఇదిగో, నా గది వీడియో. సొరుగులు తెరుస్తున్నా, ల్యాప్‌టాప్ తిప్పి సీరియల్ నంబర్ చూపిస్తున్నా, బిల్లులు కూడా. మొత్తం 6 నిమిషాలు. ఫోన్‌లోనే ఉంచితే ఫోన్‌తో పాటే పోతుందని నాకు నేనే మెయిల్ చేసుకున్నా. ఆ వెనకాల కనిపించే సాక్స్ గుట్టని మాత్రం పట్టించుకోకండి, దానికి ఇన్సూరెన్స్ లేదు.