గుటక దిగని రోజులు: ‘నార్మల్’ రిపోర్టు చేతికొచ్చిన తర్వాత

తమ్ముడు: అందరికీ నమస్కారం. క్రిందటి ఎపిసోడ్ చివర మాట ఇచ్చినట్లు ఈ రోజు బేరియం పరీక్షకు, అంటే తెల్లటి ద్రవం తాగించి అది దిగే తీరును ఎక్స్‌రేలో చూసే పరీక్షకు, ఎలా సిద్ధపడాలో చెప్పుకుందాం. మింగడం కష్టంగా ఉండి, దానికి కారణం ఇంకా తేలని శ్రోతలు ఎక్కువగా ఆ పరీక్ష గురించే అడుగుతున్నారు. అక్కా, నీలం గ్లాసు దగ్గర పెట్టుకున్నావా?

అక్క: పెట్టుకున్నాను. నాకూ మింగడం కష్టమే కాబట్టి మధ్యలో నీళ్ళు గుటక వేయడానికి కాసేపు ఆగుతానని మన శ్రోతలకు తెలుసు, ఆ మౌనాన్ని కత్తిరించవద్దు. అయితే బేరియం సంగతికి ముందు ఒక ఉత్తరం గురించి చెప్పాలి. ఒక శ్రోతకు గట్టి పదార్థం ఏది తిన్నా ఛాతీ ఎముక వెనుక ఆగిపోతున్నదట. ఎండోస్కోపీ చేసి, అంతా నార్మల్‌గా ఉందనీ, మనసు కుదుటపరచుకుంటే అదే తగ్గిపోతుందనీ చెప్పి పంపించారట.

తమ్ముడు: ఆ తలుపు ఈ రోజు తెరవకూడదని అనుకున్నాం కదా!

అక్క: అనుకున్నాం, కానీ ఆ ఉత్తరం చదివాక ఊరుకోలేకపోతున్నాను. నేను ఆమెను అడగదలచినది ఒక్కటే. ఎండోస్కోపీలో బయాప్సీ కోసం అన్నవాహిక గోడ నుంచి చిన్న ముక్కలు తీశారా, తీస్తే ఎన్ని తీశారు, ఎక్కడెక్కడి నుంచి తీశారు?

తమ్ముడు: ఆరు ముక్కల ప్రస్తావన ఇంత త్వరగా వస్తుందని నేను అనుకోలేదు. సరే, కొత్తగా వింటున్న వారి కోసం అదేమిటో పూర్తిగా చెప్పు.

అక్క: ఇసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు అన్నవాహిక గోడలో చేరి దాన్ని బిగుసుకుపోయేలా చేసే జబ్బు ఒకటి ఉంది. దానికి ఇసినోఫిలిక్ ఇసోఫజైటిస్ అని పేరు. 1990ల తొలి సంవత్సరాలలోనే వైద్యులు దాన్ని విడి జబ్బుగా గుర్తించారు కాబట్టి, వైద్యశాస్త్రపు లెక్కలో అది నిన్న మొన్నటి సంగతి. ఉబ్బసం, అలర్జీలు ఉన్న వారిలో, యువకులలో అది ఎక్కువగా కనిపిస్తుంది. కొందరిలో కెమెరాకు అన్నవాహిక చక్కగానే కనిపిస్తుంది, జబ్బు మాత్రం గోడ లోపల ఉంటుంది. పైగా అది అన్నవాహిక పొడవునా సమానంగా పరుచుకుని ఉండదు కనుక, పై భాగం నుంచీ కింది భాగం నుంచీ కలిపి కనీసం ఆరు ముక్కలు తీసి సూక్ష్మదర్శిని కింద చూడాలి. హై పవర్ కటకం కింద ఒక్క క్షేత్రంలో 15 గానీ అంతకు మించి గానీ ఇసినోఫిల్స్ కనిపిస్తే ఆ జబ్బును అనుమానించాలి. ముక్కే తీయకుండా ‘నార్మల్’ అని రాసిన రిపోర్టు ఈ జబ్బు గురించి ఏమీ చెప్పనట్టే.

తమ్ముడు: దానికి ఒక మాట చేర్చనివ్వు. ఆమ్లాన్ని తగ్గించే మందులు వాడుతున్నప్పుడు కొందరిలో ఆ కణాలు తగ్గిపోయి జబ్బు మరుగున పడే అవకాశం ఉంది. అందువల్ల ఎండోస్కోపీకి ముందు ఆ మందులు కొనసాగించాలో ఆపాలో వైద్యుడినే అడగాలి తప్ప ఎవరికి వారు నిర్ణయించుకోకూడదు. ఇక అసలు సంగతికి వద్దాం, బేరియం...

అక్క: ఇంకా పూర్తి కాలేదు. ఎండోస్కోపీ అన్నవాహిక లోపలి రూపాన్ని చూపిస్తుంది, దాని కదలికను కొలవదు. ఖాళీగా ఉన్న రోడ్డును ఫొటో తీసి, అక్కడ వాహనాలు సాఫీగా సాగుతాయని ఎవరైనా హామీ ఇవ్వగలరా? దాదాపు 25 సెంటీమీటర్ల ఆ గొట్టం పై నుంచి కిందికి వరుసగా ముడుచుకుంటూ ముద్దను ముందుకు తోయాలి, సరిగ్గా సమయానికి కింది కవాటం వదులు కావాలి. ఆ వరుస తప్పినా, ఆ కవాటం వదులు కాకపోయినా గొట్టం చూడటానికి మామూలుగానే ఉండవచ్చు. ఆ కవాటం వదులు కాని జబ్బును ఎకలేసియా అంటారు. దాని తొలి దశలో చాలామందికి జరిగేది అదే.

తమ్ముడు: ఎకలేసియా అరుదైన జబ్బు అక్కా. ఏడాదికి లక్షమందిలో సుమారు ఒకరికి కొత్తగా వస్తుంది. గొంతు పట్టేసినట్లు ఉన్న ప్రతి ఒక్కరినీ ఆ పేరుతో భయపెట్టడం మంచిది కాదు.

అక్క: భయపెట్టడం లేదు. అరుదైనదనే కారణంతోనే దాన్ని ఆమ్లం పైకి తన్నడం అనుకుని, ఎందరికో ఏళ్ళ తరబడి ఆ మందులే ఇస్తున్నారు. జబ్బు కొత్తదేమీ కాదు. 1674లోనే థామస్ విల్లిస్ అనే ఆంగ్ల వైద్యుడు తిమింగలపు ఎముక చివర స్పాంజి ముక్క కట్టి, దానితో ఒక రోగి తిన్న ఆహారాన్ని కిందికి నెట్టించాడు. మింగలేకపోతున్నానని చెప్పిన మనిషి మాటను ఆయన అప్పుడే నమ్మాడు. 1913లో హెల్లర్ అనే జర్మన్ శస్త్రవైద్యుడు ఆ కవాటపు కండరాన్ని కోసి వదులు చేసే శస్త్రచికిత్సను మొదలుపెట్టాడు. 2008లో జపానులో ఇనోవే అనే వైద్యుడు అదే పనిని నోటి ద్వారా ఎండోస్కోపుతో చేశాడు. ఇంత దారి నడిచి వచ్చాక కూడా మనసు కుదుటపరచుకోమని చెప్పి పంపేయడం నాకు బాధ కలిగిస్తుంది.

తమ్ముడు: నీ బాధ నాకు అర్థమవుతుంది, అయినా ఇక్కడ నేను నీతో విభేదిస్తాను. మనసుకూ గొంతుకూ సంబంధం లేదన్నట్లు మనం మాట్లాడితే అది కూడా సత్యం కాదు. ఆందోళనలో ఉన్నప్పుడు గొంతు చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి, అన్నవాహికలోని నరాలు మామూలు కదలికను కూడా అడ్డంకిగా మెదడుకు చేరవేస్తాయి. నిర్మాణంలోనూ కదలికలోనూ లోపం లేకుండా ఉండే ఈ స్థితికి ఫంక్షనల్ డిస్ఫేజియా అన్న పేరుంది. ఇలాంటి జీర్ణకోశ సమస్యలను గుర్తించడానికి అంతర్జాతీయ నిపుణులు రూపొందించి, 2016లో ప్రచురించిన రోమ్ నాలుగో ప్రమాణాలలో దానికి స్పష్టమైన నిర్వచనం ఉంది. అది అవమానం కాదు, అబద్ధం అంతకంటే కాదు.

అక్క: ఆ నిర్వచనంలో మిగతా భాగం కూడా చదువు. లక్షణాలు మొదలై కనీసం ఆరు నెలలు కావాలి, గత మూడు నెలలుగా వారానికి ఒకసారైనా కనిపిస్తుండాలి. అన్నిటికంటే ముఖ్యంగా అడ్డంకి గానీ, ఆమ్లం గానీ, ఇసినోఫిల్స్ గానీ, పెద్ద కదలిక లోపం గానీ కారణం కాదని తేల్చి ఉండాలి. అంటే ముక్కలు తీసి ఉండాలి, అన్నవాహిక కదలికను కొలిచే మానోమెట్రీ పరీక్ష చేసి ఉండాలి. అవన్నీ దాటాక వైద్యుడు ఆ మాట చెబితే నేను రెండు చేతులా స్వీకరిస్తాను. మొదటి రోజే చెబితే మాత్రం అది రోగనిర్ధారణ కాదు, వెతుకులాటను మధ్యలో ఆపేయడం.

తమ్ముడు: ఆ క్రమం విషయంలో నాకు అభ్యంతరం లేదు. నేను అడిగేది వేరు. వెతుకుతున్న నెలలలో మనిషి ఎలా బతకాలి? నువ్వు అందరికంటే ముందు తినడం మొదలుపెట్టి అందరికంటే ఆలస్యంగా ముగిస్తావు. ప్రతి ముద్దకూ నీళ్ళు తాగుతావు. నలుగురితో కలిసి భోజనానికి పిలిస్తే ఏదో ఒక పని చెప్పి తప్పించుకుంటావు. కారణం తేలే వరకు ఆ భయానికి చికిత్స అక్కర్లేదని నువ్వు అంటే నేను ఒప్పుకోలేను.

అక్క: (కాసేపు మౌనం) నేను అలా అనలేదు.

తమ్ముడు: అనలేదు, కానీ ఆ సంగతి ఎత్తిన ప్రతిసారీ నువ్వు మళ్ళీ ముక్కల దగ్గరికి వెళ్ళిపోతావు.

అక్క: ఎందుకో చెబుతాను. భయం ఉందని ఒప్పుకున్న మరుక్షణం కారణమే భయమని రాసేస్తారు. వైద్యుడికి అన్నీ దాచకుండా చెప్పాలని నాకు తెలుసు, అయినా ఆ ఒక్క మాట దగ్గర నా నోరు మూసుకుపోతుంది. గొంతులో ఉండ ఉన్నట్లు అనిపించడాన్ని ఒకప్పుడు గ్లోబస్ హిస్టీరికస్ అన్నారు, ముఖ్యంగా ఆడవాళ్ళ విషయంలో. 1968లో మాల్కమ్సన్ అనే వైద్యుడు ఆ హిస్టీరియా మాటను తీసేసి గ్లోబస్ ఫారింజియస్ అని మార్చాడు. పేరు మారింది కానీ ఆ చూపు ఇంకా పూర్తిగా మారలేదు.

తమ్ముడు: నువ్వు ఆ మాట దాచుకుంటున్నావని నాకు ఇప్పటిదాకా తెలియదు. ఇకపై సంప్రదింపులకు నేను కూడా వస్తాను, భయం సంగతి నేను చెబుతాను, మింగడం సంగతి నువ్వు చెప్పు. ఇంతకీ గ్లోబస్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఆ తేడా కూడా ఇక్కడే చెప్పేద్దాం, శ్రోతలలో చాలామందికి అది పనికొస్తుంది.

అక్క: గ్లోబస్‌లో ఉండ ఉన్నట్లు అనిపించేది ఎక్కువగా తిననప్పుడే, తింటున్నప్పుడు అది తరచుగా తగ్గిపోతుంది. నాకైతే తినేటప్పుడే ఇబ్బంది. గుటక వేసిన వెంటనే పొలమారడం, దగ్గు రావడం, ముక్కులోంచి నీళ్ళు రావడం జరిగితే లోపం గొంతు దగ్గర ఉండే అవకాశం ఎక్కువ. మింగిన కొన్ని క్షణాల తర్వాత ఆగినట్లు అనిపిస్తే అన్నవాహికను చూడాలి. అయితే వేలితో చూపించే చోటును పూర్తిగా నమ్మకూడదు, కింద ఆగినది కూడా మెడ దగ్గర ఆగినట్లే అనిపించవచ్చు. గట్టి పదార్థాలు మాత్రమే ఆగుతున్నాయా, మొదటి నుంచీ నీళ్ళు కూడా ఆగుతున్నాయా అన్నది మరీ ముఖ్యం. గట్టివి మాత్రమే ఆగితే సన్నబడటం వంటి అడ్డంకిని ముందు అనుమానిస్తారు, రెండూ ఆగితే కదలికను అనుమానిస్తారు.

తమ్ముడు: తినేకొద్దీ అలసట పెరిగి భోజనం చివరలో మింగలేకపోతుంటే, సాయంత్రానికి కనురెప్పలు వాలుతుంటే, అది కండరాలు త్వరగా అలసిపోయే మయస్తీనియా గ్రేవిస్ అనే జబ్బు కావచ్చు కనుక నరాల వైద్యుడికి ఆ విషయం తప్పక చెప్పాలి. బరువు తగ్గుతున్నా, రక్తం పడుతున్నా, గట్టి పదార్థాలతో మొదలై క్రమంగా మెత్తనివీ నీళ్ళూ కూడా దిగకపోతున్నా వాయిదా వేయవద్దు, వెంటనే ఎండోస్కోపీ చేయించుకోవాలి. ముద్ద ఇరుక్కుని సొంత లాలాజలం కూడా మింగలేని స్థితి వస్తే అది అత్యవసరం, ఇంట్లో కూర్చుని నీళ్ళు తాగి తోసేయడానికి ప్రయత్నించకూడదు.

అక్క: ఇక్కడ కొంచెం ఆగుతాను... సరే, ఇప్పుడు బేరియం సంగతి చెప్పు, లేకపోతే మాట తప్పినట్లవుతుంది.

తమ్ముడు: క్లుప్తంగానే చెబుతాను. తెల్లటి ద్రవం తాగుతుంటే ఎక్స్‌రేతో అది దిగే తీరును చూస్తారు. ముందు ఎంతసేపు ఏమీ తినకూడదో వాళ్ళే చెబుతారు. మీకు గట్టివే ఆగుతుంటే ఆ మాట ముందే చెప్పి, ద్రవంతో పాటు బేరియం మాత్రను కూడా మింగించగలరా అని అడగండి. దాని వ్యాసం సుమారు 13 మిల్లీమీటర్లు. ద్రవం జారిపోయే చోట ఆ మాత్ర ఆగితే సన్నబడిన భాగం బయటపడుతుంది. ఎకలేసియా అనుమానం ఉంటే నిలబెట్టి 1, 2, 5 నిమిషాలకు చిత్రాలు తీసి ఎంత నిల్వ ఉందో కొలుస్తారు.

అక్క: లోపం గొంతు దగ్గర అనిపిస్తే అడగవలసిన పరీక్ష వేరని కూడా చెప్పు. అందులో రకరకాల చిక్కదనాలు మింగిస్తూ వీడియో తీస్తారు, పక్కన మింగడంలో శిక్షణ ఉన్న థెరపిస్టు ఉంటారు. ముక్కు ద్వారా సన్నని కెమెరా పంపి చూసే పద్ధతి కూడా ఉంది, అది 1988 నుంచి వాడుకలో ఉంది. ఇక మానోమెట్రీ సంగతి.

తమ్ముడు: నువ్వు చేయించుకోబోయేది అదే కదా. భయంగా ఉందా?

అక్క: ఉంది, ఈ మాట రికార్డింగులోనే చెబుతున్నాను. మత్తు ఇవ్వరు. ముక్కులోంచి సన్నని గొట్టం కడుపు దాకా పంపి, దాని పొడవునా ఉండే సెన్సర్లతో ప్రతి గుటక ఒత్తిడినీ కొలుస్తారు. ఒక్కోసారి 5 మిల్లీలీటర్ల నీళ్ళు ఇచ్చి, పడుకున్న స్థితిలో పది గుటకలు వేయిస్తారు, తర్వాత కూర్చోబెట్టి మరికొన్ని. గొట్టం గొంతు దాటే కాసేపు అసౌకర్యంగా ఉంటుందని చెప్పారు. అయినా నేను ఎదురు చూస్తున్నాను, ఎందుకంటే కదలికను నేరుగా కొలిచే పరీక్ష నాకు ఇదే మొదటిది.

తమ్ముడు: అది కూడా నార్మల్‌గా వస్తే?

అక్క: వస్తే అప్పుడు నువ్వు చెప్పిన ఫంక్షనల్ మాటను కూర్చుని వింటాను. దానికి ముందు పాత బయాప్సీ రిపోర్టు తెప్పించి ముక్కలు ఎన్ని స్థాయిల నుంచి తీశారో చూస్తాను.

తమ్ముడు: తెప్పిద్దాం. ఇంకొకటి, నువ్వు నడుము నొప్పికి వేసుకుంటున్న మాత్రల పేరు వాళ్ళకు చెప్పావా? ఓపియాయిడ్ రకం మందులు, అంటే నల్లమందు తరహా బలమైన నొప్పి మందులు, అన్నవాహిక కదలికను మార్చి, మానోమెట్రీలో ఎకలేసియాను పోలిన ఫలితం చూపించగలవు.

అక్క: అది ఏ రకమో నాకు తెలియదు. చీటీ పై గదిలో ఉంది.

తమ్ముడు: అయితే ఇప్పుడే చూద్దాం పద. శ్రోతలు మన్నించాలి, మాత్రలు మింగడం గురించి అడిగిన ప్రశ్నలు వచ్చేసారి తీసుకుంటాం.

అక్క: రికార్డింగు ఆపావా? ఆ ఎర్ర లైటు ఇంకా వెలుగుతూనే ఉంది.