రిపోర్టులన్నీ నార్మలే, కడుపు మాత్రం కాదు

నమస్కారం అండీ. ఇవాళ కాస్ట్‌కో షాపింగ్ లేదు, ఇండియన్ స్టోర్ టూర్ లేదు. డైనింగ్ టేబుల్ మీద ఒక ఫైలు, ఇండియా నుంచి వచ్చిన మాత్రల డబ్బా, ఒక బ్రెడ్ ప్యాకెట్ పెట్టుకుని కూర్చున్నాం. ఎండోస్కోపీ నార్మల్, సీటీ నార్మల్, రక్తపరీక్షలు నార్మల్, అయినా నాలుగు ముద్దలు తింటే చాలు పొట్ట డోలులా బిగుసుకుపోతోందా? అలాంటివాళ్ల కోసమే ఈ వీడియో. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇందులో కొన్ని చిక్కులు అదనం. పరీక్షకు ముందు ఏం తిన్నారు, ఏ మాత్ర వేసుకున్నారు అన్నది తెలియకుండా వచ్చిన నార్మల్‌ని నమ్మలేం.

ముందు మాట దగ్గర మొదలుపెడదాం. మనకి అన్నీ "గ్యాస్"లోనే వస్తాయి. గుండెల్లో మంట, పులితేన్పులు, ఉబ్బరం, ఆఖరికి వీపు పట్టేసినా గ్యాసే. ఇక్కడి డాక్టరుకి ఆ మాట చెబితే అర్థమయ్యేది ఒక్కటే, గ్యాస్ బుడగల మందు సిమెథికోన్ వాడమని పంపించేస్తారు. అందుకే విడదీసి చెప్పాలి. కొంచెం తినగానే కడుపు నిండిపోతోందా? అప్పుడు పొట్ట ఖాళీ అయ్యే వేగం చూస్తారు. నొప్పి విరేచనం అయ్యాక తగ్గుతోందా, పెరుగుతోందా? అది పేగు వైపు ఆధారం. రాత్రి నిద్రలోంచి లేచి బాత్రూమ్‌కి పరుగెత్తాల్సి వస్తోందా? ఇది అడక్కపోయినా చెప్పండి.

రెండు వారాలు ఒక పేజీ రాయండి. ఏం తిన్నారు, ఎన్ని గంటలకి ఇబ్బంది మొదలైంది, విరేచనం బ్రిస్టల్ చార్ట్‌లో ఎన్నో నంబరు. 1 అంటే మేకపెంటికల్లా, 4 అంటే మెత్తగా సాఫీగా, 7 అంటే నీళ్లు. ఏడాది డైరీ పట్టుకెళ్తే పదిహేను నిమిషాల అపాయింట్‌మెంట్‌లో ఎవరూ చదవరు, ఒక్క పేజీ అయితే చదువుతారు.

ఇప్పుడు ఈ బ్రెడ్ ప్యాకెట్ సంగతి. గోధుమలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ పడని సీలియాక్ జబ్బుకి చేసే రక్తపరీక్ష పేరు టీటీజీ ఐజీఏ. గ్లూటెన్ తింటూ ఉంటేనే ఆ యాంటీబాడీలు రక్తంలో కనిపిస్తాయి. మనలో చాలామంది పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, రాత్రి పెరుగన్నం. ఇంకొందరు ఎవరో చెప్పారని అప్పటికే గోధుమ మానేసి ఉంటారు. అలా వెళ్లి పరీక్ష చేయించుకుంటే నెగటివ్ వచ్చినా దాన్ని పట్టుకుని ఏమీ తేల్చలేం. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ చెప్పే లెక్క ఏమిటంటే, పరీక్షకు ముందు కనీసం 6 వారాలు, రోజూ ఒకటి కంటే ఎక్కువ పూటలు గ్లూటెన్ తినాలి. పొద్దున రెండు బ్రెడ్ ముక్కలు, రాత్రి రెండు చపాతీలు అనుకోండి. తింటే మరీ బాధగా ఉంటే డాక్టరుకి చెప్పి మొదలుపెట్టండి. దీనితోపాటు టోటల్ ఐజీఏ కూడా రాయమనండి, శరీరంలో ఐజీఏ రకం యాంటీబాడీలు అసలే తక్కువగా ఉన్నవాళ్లకి మొదటి పరీక్ష తప్పుగా నెగటివ్ వస్తుంది. ఎండోస్కోపీలో చిన్నపేగు ముక్క తీసేదాకా గోధుమ మానకండి.

ఇక ఈ మాత్రల డబ్బా. అసలు తగువంతా ఇక్కడే ఉంది. ఇండియా నుంచి వచ్చే ప్రతి సూట్‌కేసులోనూ ఒక పాన్-డి స్ట్రిప్ ఉంటుంది. అందులో యాసిడ్ తగ్గించే పాంటోప్రజోల్ 40 మిల్లీగ్రాములు, డాంపెరిడోన్ 30 మిల్లీగ్రాములు. పొద్దున్నే ఒకటి వేసుకోవడం మనవాళ్లకి కాఫీ తాగినంత మామూలు, డాక్టరు ఏం మందులు వాడుతున్నారని అడిగితే మాత్రం "ఏమీ లేవు" అంటాం. పాంటోప్రజోల్ పొట్టలో అల్సర్లు తెచ్చే హెచ్ పైలోరీ బ్యాక్టీరియాని అణిచిపెడుతుంది, దాంతో మలపరీక్ష, శ్వాసపరీక్ష రెండూ తప్పుగా నెగటివ్ రావచ్చు. ఆ పరీక్షలకి ముందు ఇలాంటి మాత్రలు 2 వారాలు, యాంటీబయాటిక్స్, పెప్టో బిస్మాల్ 4 వారాలు ఆపాలి. పాత అల్సర్ ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు మాత్రం అడక్కుండా ఆపొద్దు. హెచ్ పైలోరీకి రక్తపరీక్ష చేయిస్తామంటే వద్దనండి, ఎప్పుడో పోయిన ఇన్ఫెక్షన్‌కి కూడా అది పాజిటివ్ చూపిస్తుంది.

డాంపెరిడోన్ గొడవ వేరు. అమెరికాలో దానికి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి లేదు. మీరు చెప్పకపోతే ఇక్కడి ఫార్మసీ కంప్యూటర్‌లో అది ఎక్కడా ఉండదు. హెచ్ పైలోరీ చికిత్సలో వాడే క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌తో కలిస్తే గుండె లయ దెబ్బతినే ప్రమాదం ఉంది. పైగా అది పొట్టని తొందరగా ఖాళీ చేయిస్తుంది కాబట్టి పొట్ట ఖాళీ అయ్యే వేగం చూసే గ్యాస్ట్రిక్ ఎంప్టీయింగ్ పరీక్ష రోజు వేసుకుంటే ఫలితం తారుమారు. ఆ పరీక్షకి 48 గంటల ముందు ఆపమంటారు.

ఆ పరీక్ష ఎలా ఉంటుందంటే, కొంచెం రేడియోధార్మిక పదార్థం కలిపిన గుడ్డు తెల్లసొన, రెండు బ్రెడ్ ముక్కలు, జామ్, నీళ్లు ఇస్తారు. తిన్న వెంటనే, తర్వాత 1, 2, 4 గంటలకి ఫొటోలు తీస్తారు. 4 గంటలకి కూడా 10 శాతం కంటే ఎక్కువ మిగిలితే పొట్ట నెమ్మదిగా ఖాళీ అవుతోందని. 2 గంటలకే ముగించే చోట కొన్ని కేసులు జారిపోతాయి, బుక్ చేసేటప్పుడే నాలుగు గంటలదేనా అని అడగండి. గుడ్డు తిననివాళ్లు ముందే ఫోన్ చేయాలి. అక్కడికెళ్లాక చెబితే వెనక్కి పంపేస్తారు. వేరే ఆహారంతో చేసినా, నార్మల్ లెక్కలు గుడ్డు భోజనానికి కట్టినవని గుర్తుంచుకోండి. బరువు తగ్గే ఇంజెక్షన్లు కూడా పొట్టని నెమ్మదింపజేస్తాయి, దాచకండి.

ఇంకో శ్వాసపరీక్ష ఉంది, హెచ్ పైలోరీది కాదు, చిన్నపేగులో బ్యాక్టీరియా ఎక్కువైందా అని చూసేది. దానికి ముందు రోజు తెల్ల అన్నం, ఉప్పు, చికెనో గుడ్డో. పప్పు, పెరుగు, కూరగాయలు, పండ్లు వద్దు. తర్వాత రాత్రంతా ఖాళీ కడుపు. లాక్ట్యులోజ్ అనే చక్కెర ద్రవం తాగించి చేసే పరీక్షలో పాజిటివ్ వచ్చిందని వెంటనే యాంటీబయాటిక్‌కి ఒప్పుకోవద్దన్నది మా అభిప్రాయం. ఆ ద్రవం పెద్దపేగుకి తొందరగా చేరినా పాజిటివ్‌లాగే కనిపిస్తుంది.

నెలల తరబడి నీళ్ల విరేచనాలుంటే కొలనోస్కోపీలో పేగు బాగున్నట్టు కనిపించినా ముక్కలు తీయమని ముందే అడగండి. మైక్రోస్కోపిక్ కొలైటిస్ అనే పెద్దపేగు వాపు కంటికి కనబడదు, పేరులోనే ఉంది కదా. షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో ఆ మాత్రే విరేచనాలకి కారణం కావచ్చు. పేగులో వాపు ఉందా అని చూసే మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్షకి ముందు ఆడ్విల్ లాంటి నొప్పిమాత్రలు వేసుకుంటే అంకె పెరిగి అనవసరంగా భయపెడుతుంది.

ఇండియాలో పుట్టి పెరిగామన్నది మీ నోటితో చెప్పాల్సిన వైద్య సమాచారం. పేగు టీబీ చూడ్డానికి పేగు వాచే క్రోన్స్ జబ్బులాగే అచ్చంగా ఉంటుంది. స్ట్రాంజిలాయిడ్స్ అనే నులిపురుగు ఏళ్ల తరబడి లోపలే ఉండిపోగలదు, స్టెరాయిడ్లు మొదలుపెడితే ఒళ్లంతా పాకుతుంది. అందుకే అలాంటి మందులకి ముందే ఈ రెండూ చూడమనండి. బీసీజీ టీకా వేయించుకున్న మనకి టీబీ చర్మపరీక్ష కంటే ఇగ్రా రక్తపరీక్ష నయం.

ఇవన్నీ సరిగ్గా జరిగాక కూడా ఏమీ దొరక్కపోతే ఐబీఎస్, అంటే ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అంటారు. చాలామందికి అది డాక్టరు చేతులెత్తేసినట్టు వినిపిస్తుంది. కానీ ఇలాంటి పేగు ఇబ్బందుల నిర్ధారణకి నిపుణులు రాసిన 2016 నాటి రోమ్ 4 ప్రమాణాల్లో దానికి కొలతలున్నాయి. గత 3 నెలల్లో సగటున వారానికి ఒక రోజైనా నొప్పి, దానికి విరేచనంతోనో, ఎన్నిసార్లు అవుతోందన్నదాంతోనో, ఎలా అవుతోందన్నదాంతోనో కనీసం రెండు రకాల సంబంధం, మొదలై 6 నెలలు దాటడం. ఆ తర్వాత డిప్రెషన్‌కి కూడా వాడే అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు రాస్తే "నాకు పిచ్చి అనుకుంటున్నారా" అని మందు పారేయకండి. అంత తక్కువ మోతాదులో ఇచ్చేది పేగు నరాల సున్నితత్వం కోసం. 2023లో ఇంగ్లండ్‌లో వచ్చిన అట్లాంటిస్ అధ్యయనం 10 నుంచి 30 మిల్లీగ్రాములతోనే ఐబీఎస్‌లో మేలు చూపించింది.

ఇప్పుడు కిచెన్‌లోకి రండి. పేగుల్లో పులిసే కొన్ని రకాల చక్కెరలని కొన్నాళ్లు తగ్గించే, ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయం వాళ్ల ఫాడ్‌మ్యాప్ పద్ధతి మన వంటకి పనికిరాదంటారు, అది తప్పు. అన్నం నిశ్చింతగా తినొచ్చు. క్యారెట్, బంగాళాదుంప, వంకాయ కొలతగా తినొచ్చు. ఇబ్బంది ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పాలు, పప్పులతో. వెల్లుల్లిలోని ఫ్రక్టాన్లు అనే ఆ రకం చక్కెరలు నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. కాబట్టి నాలుగు చెంచాల నూనెలో నాలుగు రెబ్బలు సన్నసెగ మీద ఎర్రబడేదాకా వేయించి, రెబ్బలన్నీ తీసేసి, ఆ నూనెతో పోపు పెట్టుకోండి. రెబ్బలు పులుసులో ఉడికించి తర్వాత తీసేస్తే లాభం లేదు, అప్పటికే ఫ్రక్టాన్లు పులుసులోకి దిగిపోయాయి. ఆ నూనె బయట నిలవుంచితే బోట్యులిజం అనే ప్రాణాంతక విషాహారం ప్రమాదం, ఫ్రిజ్‌లో పెట్టి 4 రోజుల్లో వాడేయాలి.

పప్పు రాత్రి నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు కూడా వంచేయండి. పేగుల్లో పులిసే చక్కెరలు ఆ నీళ్లలోకే దిగుతాయి. అంటే తేలిగ్గా అరుగుతుందని అమ్మమ్మలు పెట్టే పప్పుకట్టు చారే ఇక్కడ ముద్దాయి. లాక్టోజ్ లేని పాలతోనూ పెరుగు చక్కగా తోడుకుంటుంది. సీలియాక్ అని తేలినవాళ్లు ఇంగువ డబ్బా వెనక చదవండి, చాలా కంపెనీలు గోధుమపిండి కలుపుతాయి.

ఫాడ్‌మ్యాప్ కోసం ఈ మానేయడం 2 నుంచి 6 వారాలే (సీలియాక్ వాళ్ల గోధుమ సంగతి వేరు). తర్వాత ఒక్కొక్కటీ తిరిగి చేర్చాలి. ఉదాహరణకి మామూలు పాలు మొదటి రోజు పావు కప్పు, రెండో రోజు అర, మూడో రోజు ఒక కప్పు, తర్వాత రెండు మూడు రోజులు విరామం. బాగుందని అక్కడే ఆగిపోతే ఆహారం ఇరుకైపోతుంది, పేగులోని మంచి బ్యాక్టీరియాకీ తిండి తగ్గుతుంది.

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, జ్వరం, నిద్ర లేపే నొప్పి, మింగడం కష్టమవడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా డైట్ ప్రయోగాలు పక్కనబెట్టి ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి.

బిల్లు సంగతి రెండు ముక్కల్లో. 45 దాటినవాళ్లకి స్క్రీనింగ్ కొలనోస్కోపీ చాలా ప్లాన్లలో ఉచితం, లక్షణాలున్నాయని చేస్తే డయాగ్నస్టిక్ అవుతుంది, డిడక్టిబుల్ మీ జేబులోంచే. ముందే ప్రొసీజర్ కోడ్ అడిగి ఇన్సూరెన్స్‌కి ఫోన్ చేయండి. ముక్క తీసే ఎండోస్కోపీ 43239, ముక్క తీసే కొలనోస్కోపీ 45380.

రెండో అభిప్రాయానికి ఇండియా వెళ్తుంటే రిపోర్టు కాగితాలొక్కటే సరిపోవు. స్కాన్ ఫొటోలు సీడీలో, బయాప్సీ స్లైడ్లు పాథాలజీ విభాగంలో సంతకం పెట్టి తీసుకోవాలి, ప్రయాణానికి రెండు వారాల ముందే అడగండి. స్లైడ్లు గాజువి, చేతి సంచిలోనే పెట్టుకోండి. చెకిన్ సూట్‌కేసులో వేశారా, హైదరాబాద్‌లో దిగేది గాజు ముక్కలే.