నీటి మెట్ల దారి: మాస్కో నుంచి సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు ఓడ ప్రయాణం

సభకు నమస్కారం.

రష్యా నదీయాత్ర గురించి మాట్లాడమని నన్ను పిలిచినప్పుడు నాకు ముందుగా తలపుకు వచ్చింది శ్రీశైలం. 15వ శతాబ్దం రెండో సగంలో త్వేర్ పట్టణానికి చెందిన అఫనాసీ నికితిన్ అనే వర్తకుడు వోల్గాలో పడవ ఎక్కి, కాస్పియన్ సముద్రం, పారశీక దేశం, అరేబియా సముద్రం దాటి బహమనీల రాజధాని బీదరుకు చేరాడు. అక్కడ పరిచయమైన హిందువులతో కలిసి ‘పర్వత్’ అనే క్షేత్రానికి వెళ్ళి, మహమ్మదీయులకు మక్కా, తమవాళ్ళకు జెరూసలేం ఎలాంటివో ఈ దేశస్థులకు పర్వత్ అలాంటిదని రాసుకున్నాడు. ఆ పర్వత్ శ్రీపర్వతమేనని, అంటే మన శ్రీశైలమేనని పరిశోధకులు గుర్తించారు. అదే రచన మొదట్లో అతడు తన దారిని కూడా చెప్పాడు: కల్యాజిన్‌లోని మఠంలో మకారీ అనే మఠాధిపతి ఆశీస్సులు తీసుకుని ఉగ్లిచ్‌కు, ఉగ్లిచ్ నుంచి కొస్త్రొమాకు వెళ్ళాడట. నేడు మాస్కోలో యాత్రికుల ఓడ ఎక్కినవారు కూడా కల్యాజిన్, ఉగ్లిచ్‌ల మీదుగానే సాగుతారు. అయితే నికితిన్ మొక్కిన ఆ మఠం ఇప్పుడు లేదు. అది ఏమైందో చివర చెబుతాను.

మాస్కో నుంచి సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు సప్సాన్ అనే వేగపు రైలులో నాలుగు గంటల ప్రయాణం. ఓడలో అయితే మధ్యలో ఊళ్ళు చూసుకుంటూ వెళ్ళడానికి పది రోజులకు అటూ ఇటూ పడుతుంది. నదులు గడ్డకట్టని మే నుంచి అక్టోబరు మొదటి రోజుల దాకానే అది వీలవుతుంది. ఈ రెండు నగరాలనూ కలుపుతూ పారే సహజమైన నది ఏదీ లేదు. ఈ దారి కొంత నది, కొంత కాలువ, కొంత సరస్సు, చాలావరకు ఆనకట్టల వెనుక నిలిచిన నీరు. వీటన్నిటినీ కలిపి కుట్టినవి లాకులు. గోదావరి జిల్లాల వారికి లాకు అంటే ఏమిటో నేను చెప్పనక్కరలేదు. ధవళేశ్వరం దగ్గర కాలువ పడవలు దిగిన లాకులకూ వీటికీ సూత్రం ఒకటే, పరిమాణమే వేరు. నాలుగు అంతస్తుల ఓడ కాంక్రీటు గోడల మధ్యకు ప్రవేశిస్తుంది, వెనుక తలుపు మూసుకుంటుంది, నీరు తగ్గుతుంది. ఓడ కదిలినట్టే ఉండదు, తడిసిన గోడలే నెమ్మదిగా పైకి లేస్తున్నట్టు ఉంటుంది.

ఎత్తుల లెక్క తెలిస్తే ఈ యాత్ర స్వరూపం బోధపడుతుంది. మాస్కోలో ఓడ ఎక్కే ఉత్తర నదీ స్టేషను 1937లో కట్టినది. అక్కడి నీటిమట్టం సముద్రమట్టానికి సుమారు 162 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఆ నీరు వోల్గాది. దాన్ని పంపులతో ఐదు అంచెల్లో దాదాపు 38 మీటర్లు పైకెత్తి నగరానికి తెస్తారు; మాస్కో తాగే నీటిలో పెద్ద వాటా ఇదే. అంటే మనం ఓడలో దిగుతూ ఉంటే, నీరు మనకు ఎదురుగా మెట్లెక్కి వస్తూ ఉంటుందన్నమాట. 128 కిలోమీటర్ల ఈ మాస్కో కాలువలో ఆరు లాకులు దిగి దుబ్నా దగ్గర వోల్గాలో కలుస్తాం. స్తంభాలతో, శిల్పాలతో రాజభవనాల్లా కనిపించే ఆ లాకు కట్టడాలను ఫొటో తీయని యాత్రికుడు ఉండడు. 1932 నుంచి 1937 వరకు ఆ కాలువను తవ్వింది ఎక్కువగా ద్మిత్‌లాగ్ అనే నిర్బంధ శిబిరం ఖైదీలు.

ఉగ్లిచ్‌లో మరో మెట్టు దిగుతాం. ఈ దారిలోని చిన్న ఊళ్ళలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. ఇక్కడ 1591 మే 15న రష్యా జారు (చక్రవర్తి) ఇవాన్ ది టెరిబుల్ కుమారుడు, ఎనిమిదేళ్ళ ద్మీత్రి, మెడ మీద కత్తిగాయంతో చనిపోయి కనిపించాడు. ఎవరో గంట మోగించారు. జనం గుమిగూడి, అనుమానం కలిగిన వారందరినీ అక్కడికక్కడే చంపేశారు. అప్పట్లో అసలు అధికారం బోరిస్ గొదునోవ్ చేతిలో ఉంది. విచారణకు వచ్చిన వసీలీ షూయిస్కీ అనే ప్రభువు బృందం, పిల్లవాడు కత్తితో ఆడుకుంటూ మూర్ఛ వచ్చి తానే పొడుచుకున్నాడని తేల్చింది. అదే షూయిస్కీ 1606లో తానే జారు అయ్యాక, ఆ పిల్లవాణ్ణి హత్య చేశారని ప్రకటించి, అవశేషాలను మాస్కోకు తెప్పించి పూజనీయుణ్ణి చేశాడు. విచారణ నివేదికలు రాసేవారి చేతివాటం ఏ దేశంలోనైనా ఒకటే కాబోలు. ఇంతకీ శిక్ష పడింది ఎవరికంటే ఊరి జనానికీ గంటకూ: అనేక కుటుంబాలను సైబీరియాకు తోలారు, గంటకు కొరడా దెబ్బలు కొట్టి, నాలుక పీకి, దాన్నీ తొబోల్స్క్‌కు ప్రవాసం పంపారని ఊరి కథనం. అది 1892లో తిరిగి వచ్చింది. బాలుడు చనిపోయిన చోట 1692లో కట్టిన ఎర్రని చర్చిలో దాన్ని చూడవచ్చు.

యారోస్లావ్ల్ చూడాలంటే రీబిన్స్క్ దగ్గర ఒక మెట్టు అదనంగా దిగి, మళ్ళీ వెనక్కి ఎక్కాలి. 1010లో వెలసిందని చెప్పే ఆ నగరంలో ప్రవక్త ఎలియా చర్చి కుడ్యచిత్రాల కోసమైనా ఆ శ్రమ తగినదే. తరువాత షెక్స్నా నదిలో ఒక లాకు పైకెక్కి గొరీత్సీ రేవుకు చేరి, 1397లో స్థాపించిన కిరీలో-బెలోజెర్స్కీ మఠాన్ని చూస్తాం. అక్కడి నుంచి 1964లో ప్రారంభమైన వోల్గా-బాల్టిక్ జలమార్గంలో, వీతెగ్రా వైపు ఆరు లాకుల్లో సుమారు 80 మీటర్లు దిగితే ఒనేగా సరస్సు వస్తుంది.

ఒనేగాలోని కిజీ ద్వీపం మీద 1714 నాటి రూపాంతర చర్చి ఉంది: పూర్తిగా కర్ర, 22 గుమ్మటాలు, 37 మీటర్ల ఎత్తు. ఒక్క మేకు కూడా వాడలేదని గైడ్లు చెబుతారు. దుంగల కట్టడం వరకు అది నిజమే కాని, గుమ్మటాల మీద పరచిన ఆస్పెన్ చెక్క పెంకులకు మేకులు కొట్టక తప్పలేదు. ఆ వెండిరంగు లోహానిది కాదు, ఎండకూ వానకూ నెరిసిన చెక్కది. కట్టడం ఒరిగిపోతుంటే 1980లలో లోపల ఉక్కు చట్రం నిలిపారు. ఆ తరువాత పై భాగాన్ని జాకీలతో ఎత్తిపట్టి, కుళ్ళిన దుంగలను మాత్రమే మార్చి, వరుస తరువాత వరుస బాగుచేసి 2020కి ముగించారు. మన పాత దేవాలయాలకు సిమెంటు పూసి రంగులు వేసేవారు ఒకసారి ఇక్కడికి వచ్చి చూడాలని నాకు అనిపిస్తూ ఉంటుంది.

స్వీర్ నదిలో రెండు లాకులు, ఐరోపాలోకెల్లా పెద్దదైన లదోగా సరస్సు, 74 కిలోమీటర్ల నెవా, ఆ పైన 1703లో జారు పీటర్ నెలకొల్పిన సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరం. దాని గురించి మాట్లాడేవారు చాలామంది ఉన్నారు కనుక నేను వెనక్కి, కల్యాజిన్‌కు వస్తాను.

ఉగ్లిచ్ ఆనకట్ట వెనుక నీరు నిలుపుతూ 1940 నాటికి కల్యాజిన్ పాత పట్టణంలో పెద్ద భాగాన్ని ముంచేశారు. నికితిన్ ఆశీస్సులు పొందిన పవిత్ర త్రిత్వ మఠాన్ని కూల్చారు. అది నిలిచిన నేల చాలావరకు నీటిపాలయింది. మరో చర్చికి చెందిన, 1800లో కట్టిన 74.5 మీటర్ల గంటగోపురం మాత్రం నీటి మధ్య ఒంటరిగా నిలిచింది. ఓడలో అందరూ రెయిలింగు దగ్గరకు చేరే చోటు ఇదే. చాలామంది దాన్ని అందంగా ఉందంటారు. సంగమేశ్వరం చూసినవారు ఆ మాట అంత తేలికగా అనలేరు. శ్రీశైలం జలాశయంలో మట్టం తగ్గినప్పుడు ఆ గుడి బయటపడుతుంది, చుట్టూ ఉండిన పల్లెలు బయటపడవు. నికితిన్ ప్రయాణంలో మొదట మొక్కిన మఠమూ, అతడు చూసిన శ్రీపర్వతం చుట్టూ ఉండిన పల్లెలూ ఒకే శతాబ్దంలో ఒకే తీరున మునిగాయి.

ఉగ్లిచ్ దాటాక వచ్చే రీబిన్స్క్ జలాశయం విస్తీర్ణం సుమారు 4,580 చదరపు కిలోమీటర్లు. 1941 ఏప్రిల్‌లో నింపడం మొదలుపెట్టి 1947కు పూర్తి చేశారు. దాని కోసం దాదాపు 1,30,000 మందిని తరలించారు, వందల పల్లెలు మునిగాయి, మొలోగా అనే పట్టణం మొత్తంగా పోయింది. అక్కడ కల్యాజిన్‌లో లాగా గోపురం ఏదీ మిగల్లేదు కనుక ఓడలో ఎవరూ రెయిలింగు దగ్గరకు రారు. అన్ని వైపులా నీరే కనిపించే ఆ గంటల్లో సాధారణంగా లోపల భోజనమో, పాటల కార్యక్రమమో నడుస్తూ ఉంటుంది. వానలు తక్కువై 2014లో మట్టం బాగా పడిపోయినప్పుడు మొలోగా వీధుల ఆనవాళ్ళు, ఇళ్ళ పునాదులు పైకి తేలాయి. జనం పడవల్లో వెళ్ళి, దిగి, ఆ వీధుల్లో నడిచారు.