ఎలుగు ఎందుకు పారిపోదు?

అందరికీ నమస్తే. నేను వన్యప్రాణుల మీద పనిచేస్తాను, అందులోనూ ఎలుగుబంట్ల మీద. ఈ మాట చెప్పగానే మా చుట్టాల్లో ఎవరో ఒకరు "పులుల మీద చేయొచ్చు కదమ్మా" అంటారు. నిజమే, పులికున్న గ్లామర్ ఎలుగుకి లేదు. కానీ మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు వచ్చి చూడండి. పులి మాట ఎప్పుడో గానీ రాదు. రోజూ టెన్షన్ పెట్టేది ఎలుగే.

ఉద్దానమంటే కొబ్బరి, జీడి, పనస. వేసవిలో జీడిపండ్లు రాలుతుంటే తోటంతా ఆ వాసనే. మనకే తెలుస్తుంటే, ముక్కుతో బతికే జంతువు ఊరుకుంటుందా? తెల్లారగట్ల జీడిపిక్కలు ఏరడానికి మనుషులు తోటకెళ్తారు. అది కడుపు నింపుకుని తిరిగెళ్లే వేళ కూడా అదే. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఏం జరిగిందో మా వైపు వాళ్లెవరూ మర్చిపోలేదు. ఒకాయన ప్రాణం పోయింది, చాలామంది గాయపడ్డారు. మత్తిచ్చి పట్టుకున్న ఆ ఎలుగూ బతకలేదు.

మామూలుగా అడవి జంతువు మనిషిని చూస్తే తప్పుకుంటుంది. ఎలుగు మీదికి ఎందుకొస్తుంది? దీనికి జవాబు నాకు ఎక్కువగా దాని పెంటలో కనిపిస్తుంది. నవ్వకండి. మొన్న మా పాప బడి నుంచి వచ్చేసరికి నేను పెరట్లో కుళాయి కింద జల్లెడ పెట్టి అదే కడుగుతున్నాను. మట్టినీళ్లన్నీ పోయాక నేరేడు గింజలు, ఈత గింజలు మిగిలాయి. వాటి మధ్యలో ఆవగింజంత కూడా లేని గోధుమరంగు పొట్టు. పాప దాన్ని వేలి కొస మీదికి తీసుకుని, "అమ్మా, దీనికి కోరలున్నాయి" అంది. అవి చెదపురుగుల తలలు. ఒళ్లు మెత్తన కాబట్టి అరిగిపోతుంది, తల గట్టిది కాబట్టి అలాగే బయటికొచ్చేస్తుంది.

అంత పెద్ద జంతువు ఇంత చిన్న పురుగుల్ని ఎలా తింటుందంటే, పీల్చి తింటుంది. దానికి పై దవడలో ముందు రెండు పళ్లు ఉండవు. గోళ్లతో పుట్ట తవ్వి, దుమ్ము పోకుండా ముక్కురంధ్రాలు మూసుకుని, ముందు ఉఫ్ఫని మట్టి ఊది, ఆ సందులోంచి బొండాం స్ట్రాతో లాగినట్టు లాగేస్తుంది. ఆ చప్పుడు వంద మీటర్ల దూరానికి కూడా వినిపిస్తుంది. చిక్కంతా ఇక్కడే. తల పుట్టలో పెట్టి అంత చప్పుడు చేస్తున్నప్పుడు మన అడుగుల అలికిడి దానికి ఏం వినపడుతుంది? తలెత్తేసరికి మనం పక్కనే ఉంటాం.

ఇక పారిపోకపోవడం. పులులు, చిరుతలు తిరిగే అడవుల్లో తరతరాలుగా బతికిన జంతువిది. పరుగెడితే పులి పట్టుకుంటుంది, చెట్టెక్కితే చిరుత కూడా ఎక్కుతుంది. కాబట్టి ఎదురు తిరగడమే దానికి అలవాటు. తల్లి ఎలుగుకైతే ఇంకో దారే లేదు. చలికాలంలో గుహలో ఈని, రెండు మూడు నెలల తర్వాత పిల్లల్ని వీపునెక్కించుకుని బయటికొస్తుంది. భుజాల మీది పొడవాటి జుట్టు పట్టుకుని అవి వేలాడుతుంటాయి. తొమ్మిదో నెల దాకా అదే వాటి బండి. రెండు పిల్లల్ని మోస్తూ పులితో పోరాడిన తల్లులున్నాయి. మా పాపని చంకనేసుకుని రైలు ఎక్కిన రోజులు గుర్తొచ్చి నాకు ఆ తల్లి మీద కోపం రాదు. అయితే ముఖమంతా కుట్లు పడిన మనిషి ముందు కూర్చుని ఈ మాట అనను. అది పద్ధతి కాదు.

తోటకెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: చప్పుడు చేయండి. ఇద్దరు ముగ్గురు కలిసి మాట్లాడుకుంటూ వెళ్లండి, ఫోన్‌లో పాట పెట్టుకోండి, బాగా తెల్లారాకే వెళ్లండి. కుక్కని వెంట తీసుకెళ్లొద్దు. అది ఎలుగుని రెచ్చగొట్టి, తిరిగి మీ కాళ్ల దగ్గరికే పరుగెత్తుకొస్తుంది, వెనకాల ఎలుగు. మీదపడితే బోర్లా పడుకుని మెడ వెనక, తల వెనక చేతులు అడ్డం పెట్టుకోండి. అది గాయపరిచేది ఎక్కువగా తలనీ ముఖాన్నీ. ఊరంతా కర్రలు పట్టుకుని తరమడం మాత్రం వద్దు. తప్పించుకునే దారి మూసేస్తే మామూలు ఎలుగు కూడా మీదపడుతుంది.

ఊళ్లో మా అమ్మ ఉంది. ఫోన్ చేస్తే మొదటి మాట ఇదే: "నువ్వక్కడ దాని పెంట కడుక్కుంటూ కూర్చో. అదిక్కడ మన పనసపళ్లు తినీసి పోతంది." పండకముందే కాయలన్నీ దింపించెయ్యమ్మా, వాసన రాకపోతే అది తోటలోకి రాదు అని చెప్పాను. కింది కాయలు కోయించింది, పై కొమ్మలవి ఉంచేసింది. "అది చెట్టెక్కుతుందమ్మా" అంటే, "ఎక్కనీ. కష్టపడి తిననీ" అంది. ఈసారి వెళ్లినప్పుడు నిచ్చెన వేసి నేనే దింపాలి.